ఐదో గడి

ఆఫీసులో అందరూ ఆమెను నిదానమ్మ అంటారు. సొంత దేశంలో బతకలేక, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ల దరఖాస్తులు తీసుకునే కిటికీ ఆమెది. "ఆవిడ ముద్ర కొట్టేలోపు ప్రభుత్వాలే మారిపోతాయి" అని టైపిస్టు ఏడిపిస్తుంటాడు. నిజమే, ఇరవై ఆరేళ్లలో నాలుగు మారాయి. ఆమె మాత్రం ఒక్కో కాగితాన్నీ బియ్యంలో రాళ్లు ఏరినట్టే చూస్తుంది. బస్సు నడిపే భర్త కూడా "ఇంట్లో బ్రేకు మా ఆవిడే" అంటాడు. ఆమెకు కోపం రాదు. బ్రేకు లేని బస్సు ఎవరెక్కుతారు?

ఆమెకో పద్ధతుంది. ఫారంలో ఐదో గడి మతం. అది రాసే సమయానికి కుర్చీ గోడవైపు తిప్పుకుని, "రాసుకోండమ్మా, నేను చూడను" అంటుంది. ఆ గడిలో రాసే ఒక్క మాట కోసమే ఇళ్లు తగలబడినవాళ్లు ఎదుట మనిషి ఉంటే రాయలేరు. ఈ సంగతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఆమెకే తోచింది.

కొత్త ప్రభుత్వం వచ్చేసరికి ఖజానా ఊడ్చిపెట్టి ఉందట. ముందు సగం ఫ్యాన్లు ఆపారు. తర్వాత మనిషికి ఒకటే ఫారమన్నారు. చివరికి ఆ కిటికీనే మూసేసి, సోమవారం నుంచి ఆమెను నీటి పన్నుల విభాగానికి వేశారు. ఇక దరఖాస్తులన్నీ రాజధానిలోనే.

ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం ఒక కుట్టుపని ఆవిడ వచ్చింది. వాళ్ల దేశంలో ఆమెవాళ్ల ప్రార్థన ఇంటికి తాళం వేసి, అన్నను పట్టుకుపోయారు. సరిహద్దు దాటి వచ్చి ఏడాదైంది. ఇక్కడ ఉండటానికిచ్చిన గడువు ఆదివారంతో సరి. ఈలోగా దరఖాస్తు తీసుకున్నట్టు రసీదు చేతికి రాకపోతే తిరుగుబండి ఎక్కించేస్తారు.

ఆమె రాసిచ్చిన కాగితం చూసి నిదానమ్మ ఆగింది. ఐదో గడిలో ఆమెను తరిమినవాళ్ల మతమే ఉంది.

"ఇదేంటమ్మా?"

"అక్కడ పన్నెండేళ్లుగా భయపడి, ఎవరడిగినా ఇదే రాశానక్కా. బళ్లో, ఆస్పత్రిలో. చెయ్యి దానంతటదే రాసేసింది."

"చల్లకొచ్చి ముంత దాచినట్టుంది. నిన్నెందుకు తరిమారో చెప్పేది ఈ గడే కదమ్మా. ఇది చూస్తే, నీకక్కడ భయమేంటి, వెనక్కి పో అంటారు."

కొట్టివేతలున్న ఫారం చెల్లదు. నిదానమ్మ అధికారి గదిలోకి వెళ్లింది.

"ఇంకో ఫారం కావాలి సార్."

"మనిషికొకటే. మీకు తెలియనిదా?" ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "లేనిది ఎక్కణ్నుంచి తెమ్మంటారు?"

బయటికొచ్చిన ఆమె చూపు నోటీసు బోర్డు మీద పడింది. అక్కడ జనం చూసుకోవడానికి ఒక ఖాళీ ఫారం అతికించి ఉంది. టైపిస్టు చేతిలోని వేడి టీ గ్లాసు లాక్కుని, ఆ ఫారం మూలలకు ఆనించి జిగురు కరిగించసాగింది.

"టైమవుతోంది మేడమ్, లాగెయ్యండి."

"లాగితే చిరుగుతుంది నాయనా. నాకా పేరు ఊరికే పెట్టారా?"

కాగితం చెక్కుచెదరకుండా ఊడివచ్చింది. కుట్టుపని ఆవిడకు ఇచ్చి, నిదానమ్మ కుర్చీ తిప్పుకుంది. పెన్ను గీసుకుంటూ వెళ్లి వెళ్లి ఒకచోట ఆగిపోయింది. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఐదింటికి కిటికీ మూసేయాలి.

"నాకు తొందరేం లేదమ్మా" అంది గోడతో.

పెన్ను మళ్లీ కదిలింది.

అధికారి సంతకం పెడుతూ వేలు చూసుకున్నాడు. "ఈ మూల జిగటగా ఉందేంటి?"

"ఎండాకాలం కదా సార్."

ఆయన ఖాళీ బోర్డువైపు ఓసారి చూసి, వేలు రుమాలుకు తుడుచుకుని, సంతకం పూర్తి చేశాడు.

ఫారం కింది ముక్కనే చింపి రసీదుగా ఇస్తారు, అందులోనూ దరఖాస్తుదారు చేత్తో నింపిన ఐదో గడి ఉంటుంది. కుట్టుపని ఆవిడ దాని మీద వేలు పెట్టి, తన మతం పేరును పైకే చదివింది.

"మీ భాషలో సరిగ్గానే రాశానా అక్కా?"

"సరిగ్గానే ఉంది. ఇంకోసారి చదువు, విందాం" అంది నిదానమ్మ.