ఖాలిద్ చేతి ఒకటి

బూర్గంపాడులో నంబర్ ప్లేట్లు రాసే ఖాలిద్ చేతి 'ఒకటి'కి పినపాక దాకా పేరుంది. నెత్తిన రుమాలు చుట్టినట్టు పైన ఒక వంపు, ఆ వంపుకో కొస. వాళ్ల నాన్న నేర్పిన రాత అది. కొత్త బండ్లకు కంపెనీ ప్లేట్లే వస్తున్నా, పాత బండ్లవాళ్లు ఇంకా అతని కుంచెనే వెతుక్కుంటూ వస్తారు. అందుకు అతనికి కాస్త గర్వం. కాస్త అన్నాను గానీ, భార్య ఫజిలత్‌ను అడిగితే వేరే సంగతి చెబుతుంది.

అతని స్కూటర్ నంబరు 5637. ఇన్సూరెన్స్ అయిపోయి మూడేళ్లయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు సందుల్లో తిప్పుకుంటున్నాడు గానీ, గోదావరి వంతెన దగ్గర కెమెరా పెట్టినప్పటి నుంచి అటు తీసుకుపోలేదు. భద్రాచలంలో కూతురు ఇరమ్ ఇంటికి పోవాలంటే ఇద్దరికీ బస్సే గతి. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లెక్కుతూ, స్కూటర్‌ను తిడుతున్నట్టు మొగుణ్ని తిట్టేది ఫజిలత్.

ఒక సోమవారం పొద్దున అతని ఫోనుకు చలాన్ వచ్చింది. 5637 వంతెన దాటిందట, ఇన్సూరెన్స్ లేదట. ఖాలిద్ భగ్గుమన్నాడు. స్కూటరేమో వాకిట్లో గోనెపట్టా కప్పుకుని నిలబడే ఉంది.

"ఆ కెమెరాకు చదువే రాదు ఫజిలత్! గిట్ల ఊకుంటే రేపు మన మంచానికి గూడ చలాన్ ఏస్తది," అంటూ బస్సెక్కి భద్రాచలం పోలీసుల దగ్గరికి పోయాడు.

కానిస్టేబుల్ కోటేష్ అతని అరుపులన్నీ అయ్యేదాకా ఓపిగ్గా విన్నాడు. "చాచా, అది మనిషి మొఖం చూడదు. నంబర్ చదువుతది, ట్యాక్స్ కట్టిండా, ఇన్సూరెన్స్ ఉన్నదా అని లిస్టుల చూస్తది. గంతే," అని కంప్యూటర్‌లో ఫొటో తెరిచాడు.

ఫొటోలో స్కూటర్ లేదు. వెనక కోడిగుడ్ల ట్రేలు కట్టుకున్న మోటార్ సైకిల్ ఉంది. దాని మీద పక్కింటి లూకా. ఇద్దరూ ఒకే రోజు బండ్లు రిజిస్టర్ చేయించుకున్నారు. లూకాది 5631. ఆ ప్లేటు రాసింది ఖాలిదే. చివరి అంకె కదా అని కొస ఇంకాస్త ముచ్చటగా లాగాడు.

కోటేష్ కళ్లు చిట్లించాడు. "గిదేంది చాచా, ఒకటా ఏడా?"

ఏడంటే చలాన్ తనది. ఒకటంటే అర్థం కాని ప్లేటు పెట్టుకున్నందుకు జరిమానా లూకాది. ఇక మిగిలింది ఒకే మాట. నలభై ఏళ్ల పేరున్నవాడికి అది గొంతు దాటి రావడం కష్టం. ఖాలిద్ ఫొటోలో ఆ అంకె కొస మీద వేలు పెట్టాడు.

"ఒకటే బేటా. లూకా తప్పేం లేదు, ఆయనకు ఇన్సూరెన్స్ ఉన్నది. తప్పు రాసిన చేతిది. ఇంకోటి గూడ రాస్కో, నా ఏడుకు ఇన్సూరెన్స్ లేదు."

"అది ఆ కెమెరాకు తెలుసు చాచా," అని కోటేష్ నవ్వాడు. "లూకా ప్లేటు మార్చు, జల్దీ నీ ఇన్సూరెన్స్ కట్టు. ఈ చలాన్ తీసెయ్యమని నేను రాస్త."

ఆ సాయంత్రమే ఖాలిద్ లూకా ప్లేటు తుడిచి మళ్లీ రాశాడు. చెయ్యి అలవాటు కొద్దీ వంపు వైపే పోబోయింది. బలవంతాన ఆపి నిలువుగీత గీశాడు.

"రుమాలు తీసేసినవ్ భాయ్, బోడిగున్నది," అన్నాడు లూకా.

"ఉండనియ్. అందరికి సమజైతది."

చెప్పాక అతనికే హాయిగా అనిపించింది. నాన్న మాత్రం రాయడం నేర్పింది నలుగురూ చదవడానికే కదా.

ఆదివారం స్కూటర్ మీద మొగుడూ పెళ్లాం వంతెన దగ్గరికి వచ్చారు. ఇన్సూరెన్స్ కాగితం జేబులో ఉంది. కెమెరా కింద ఖాలిద్ బండి నెమ్మది చేసి తల పైకెత్తాడు.

"ఏందయ్యా, ఆగినవ్? బిడ్డ ఎదురుచూస్తుంటది," అంది ఫజిలత్.

"ఉండు," అన్నాడు ఖాలిద్, "చదువుకోనియ్."