అక్క ఉపవాసం, అవ్వ గటక

పొద్దున్నుంచి ముసురు. పత్తి ఏరే పని ఆగింది. పొయ్యి మీద జొన్నరవ్వ గటక పెట్టాను. ఆ వాసనకు గూడూరులోని మా పాత వంటిల్లు గుర్తొచ్చింది. కుండ అడుగున మాడిన చెక్క కోసం మీ ఇళ్లలోనూ కొట్లాడేవారు కదా?

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా పెద్దవాళ్లు పగలంతా ఉపవాసముండి, సాయంత్రం ప్రార్థన అయ్యాక తినేవారు. ఒక ఏడు అక్క కూడా ఉపవాసం మొదలుపెట్టింది. సాయంత్రం కూడా సరిగ్గా తినేది కాదు. లావుగా ఉందని బడిలో ఆమెను వడ్లు పోసే గుమ్మితో పోల్చి ఏడిపించేవారు. ఒకనాడు చర్చిలో పాట పాడుతూ కళ్లు తిరిగి పడిపోయింది.

అవ్వ ఆమెను ఇంటికి తెచ్చి, గటకలో మజ్జిగ పోసి ముందు పెట్టింది.

"ఉపాసమున్న అవ్వా."

"ఎవలి కోసమే? దేవుని కోసమా, అద్దం కోసమా?"

"అందరు గుమ్మి అంటున్రు."

"అననియ్. గీ పెయ్యి, గీ ఒళ్లు దేవుడిచ్చిండు. నలుగురు నవ్విండ్రని ఎండబెడ్తవా? తిను."

అక్క తినేదాకా అవ్వ పక్కనుంచి లేవలేదు.

ఆదివారం పొద్దున అక్క తనే గటక పెట్టుకొని తింది. బయటికి వస్తుంటే వాకిట్లో ఎవడో, "గుమ్మి వస్తుందిరో" అన్నాడు.

"వస్తున్న, జర జరుగు" అంది అక్క.

మొదటి గంట కొట్టగానే చర్చికి వెళ్లిపోయింది.