పట్టుపురుగుల ఆట, అసర్ అజాన్

హిందూపురంలో మా మసీదు మౌజన్ తాతకు గొంతు చెడిన నెలలోనే నేను కంప్యూటర్ ఆటకు అలవాటు పడ్డాను. అప్పటికి డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నాను.

తాత పగలంతా పరుపులు కుట్టేవారు, ఐదు పూటలా అజాన్ ఇచ్చేవారు. నాచేత అలిఫ్, బే అని అరబీ అక్షరాలు దిద్దించింది ఆయనే. ఏళ్ల తరబడి పీల్చిన దూది దుమ్ముతో గొంతు బొంగురుపోయింది. నలభై రోజులు నోరు విప్పకూడదని, గట్టిగా అరిస్తే ఉన్న గొంతు కూడా పోవచ్చని బెంగళూరు డాక్టరు చెప్పి పంపాడు. అప్పటినుంచి ఆయన మదరసా పిల్లల పలక ఒకటి చంకలో పెట్టుకొని తిరిగారు. చెప్పాల్సింది దాని మీద రాసి చూపించేవారు. మూడు పూటలు ఇమాంగారు చూసుకున్నారు. సాయంత్రాలు మాత్రం ఆయన వేరే వీధిలో ఆడపిల్లలకు ఖురాన్ చెప్పి, అందరూ వరుసకట్టి జమాత్ నిలబడే సమయానికి వచ్చేవారు. అందుకని సాయంత్రం ఇచ్చే రెండు అజాన్లు, అసర్, మగ్రిబ్, తాత నాకు అప్పగించారు. పలక మీద ఆయన రాసింది ఒక్కటే మాట: "నువ్వే".

కాలేజీ అయ్యాక మసీదు పక్కన, బజారు వైపు సందులోని కంప్యూటర్ సెంటర్‌లో టైపింగ్ నేర్చుకునేవాణ్ణి. నాతోపాటు రొళ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. పాఠం అయిపోగానే ఇద్దరం ఒక కంప్యూటర్ ముందు చేరి ఆట పెట్టేవాళ్లం. తెర మీద ఒక దీవి. దాని మీద ఇనుప టోపీలు పెట్టుకున్న లావుపాటి పురుగులు, నాలుగు నావి, నాలుగు వాడివి. ఒకరి తర్వాత ఒకరు గుండు విసరాలి. గాలి ఎటు వీస్తోందో కింద ఒక బాణం గుర్తు చూపిస్తుంది. దాన్నిబట్టి గురి చూసుకోవాలి. గుండు తగిలిన పురుగు కిచకిచమంటూ ఎగిరి నీళ్లలో పడుతుంది. మొదటి రోజే వాడు తల పట్టుకున్నాడు.

"ఇంటికాడ పట్టుపురుగులకి ఆకేసి ఆకేసి చేతులు పడిపోయి ఈడికొస్తే, ఈడ గూడా పురుగులేనా అబ్బా!"

అలా ఆ సెంటర్‌లో అందరికీ అది పట్టుపురుగుల ఆట అయింది.

వేళకు నమాజు చేయడం విధి అని చిన్నప్పటినుంచి చదువుకున్నవాణ్ణి. ఇంకొకరికి చెప్పగలిగినవాణ్ణి కూడా. అయినా ఒక రోజు, అసర్ దగ్గరపడేసరికి, నాకు ఒక్క పురుగే మిగిలింది, వాడికి రెండు. నా వంతు. గాలి ఎదురు. టైపింగ్ వాళ్లకు ఇబ్బంది కాకూడదని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టించేవారు. తెర మూలన నా వంతుకున్న సెకన్లు తరిగిపోతున్నాయి. నేను వాటినే చూస్తున్నాను, గోడ గడియారాన్ని చూడలేదు.

మిత్రుడు నా చెవుల మీది హెడ్‌ఫోన్లు లాగేశాడు.

"వినప్పా. ఈ పొద్దు నువ్వు గదా ఇయ్యాల్సింది?"

మైకులో తాత గొంతు. ఎండిన తోలు చీలుతున్నట్టుంది. ఒక్కో మాటకూ ఆగి, దగ్గి, మళ్లీ అందుకుంటున్నారు. ఊరంతా వింటోంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. వెళ్లేసరికి అజాన్ అయిపోయింది. ఆయన మైకు ఆపి, తువాలు నోటికి అడ్డం పెట్టుకొని గోడకు ఆనుకున్నారు. నన్ను చూసి, చాపలు పరవమని చేత్తో సైగ చేశారు. పరిచాను. సజ్దాలో నేలకు తల ఆనించి, ఆయన గొంతు ఆయనకు తిరిగిమ్మని తప్ప ఇంకేదీ అడగలేకపోయాను.

నమాజు అయ్యాక మసీదు పెద్ద ఒకాయన అందరిముందే అన్నాడు. "ఆటలకి పొయ్యేవానికి అజాన్ ఎందుకప్పా? ఇంగొకన్ని చూసుకుందాం."

తాత పలక తీసుకొని రాశారు. పెద్దమనిషి చేతికిచ్చారు. ఆయన చదివి, పలక నాకిచ్చాడు. దాని మీద ఉంది: "మగ్రిబ్ కూడా వీడే."

ఆ మగ్రిబ్‌కు నా గొంతు వణికింది. మైకులో ఆ వణుకు ఇంకా పెద్దగా వినిపించి ఉంటుంది.

మరునాడు ఆట మానేస్తానని మిత్రుడితో అన్నాను. వాడు నవ్వాడు.

"ఆట ఏం చేసిందబ్బా నిన్ను? ఆకు యాళ దాటితే మా ఇంట్లో మాయమ్మ ఊరుకోదు. యాళ నాకొదిలెయ్."

అప్పటినుంచి అసర్‌కు పావుగంట ముందే వాడు తన వంతు మధ్యలో చేతులెత్తేసేవాడు. గెలుస్తున్నా సరే. "లే, లే. ఆకేసే యాళయింది" అనేవాడు. వాడు మా నమాజు చదివేవాడు కాదు. కానీ ఆ నెలలో నా నమాజు వేళను నాకంటే భద్రంగా కాచింది వాడే.

ఒకరోజు తాత సెంటర్‌కే వచ్చారు. ఆట ఏమిటో చూపించమని సైగ చేశారు. మిత్రుడు లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆయన మీట నొక్కగానే గుండు నేరుగా పైకి లేచి, ఆయన పురుగు నెత్తి మీదే పడింది.

"తాతా, మీవోన్నే చంపుకుంటివే!" అన్నాడు మిత్రుడు. ఆయన శబ్దం లేకుండా, భుజాలు అదిరేటట్టు నవ్వారు. తర్వాత గాలి గుర్తు మీద వేలుపెట్టి, ఏమిటన్నట్టు నాకేసి చూశారు. చెప్పాను. పలక మీద రాశారు: "కరెంటు లేని రోజు మాకూ ఇదే."

నాకు అర్థం కాలేదు.

అర్థమైంది ముప్పై తొమ్మిదో రోజున. సరిగ్గా అసర్ ముందు కరెంటు పోయింది. మైకు లేదు. మిద్దె మీదికెక్కి అజాన్ ఇవ్వాలి. నేను పైకెక్కి, మధ్యలో నిలబడి చెవులకు చేతులు ఆనించాను. వెనక మెట్ల మీద చప్పుడైంది. తాత ఆయాసపడుతూ ఎక్కి వచ్చారు. భుజం మీది తువాలు తీసి గాల్లోకి పట్టుకున్నారు. అది బజారు వైపు నుంచి మా వైపుకు రెపరెపలాడింది.

"ఈడ కాదప్పా" అన్నారు.

పలక ఆయన చేతిలో లేదు. గొంతు చిన్నదే, సన్నగా, కొత్తగా ఉంది. కానీ చీలలేదు.

"గాలి అట్లనుంచి వస్తాంది. అట్ల పక్కోళ్లకే వినపడదు. పోయి ఆ గోడకాడ నిలబడు."

"తాతా, ఇంకొక దినం ఉండాది గదా, మాట్లాడద్దు!"

"నువ్వు మొదులుపెడితే నేనెందుకు మాట్లాడతా?"

బజారు వైపు గోడ దగ్గర నిలబడి, పడమరకు తిరిగి, అల్లాహ్ పేరు ఎత్తుకున్నాను. ఈసారి గొంతు వణకలేదు.

కిందికి దిగేసరికి సందు మొదట్లో మిత్రుడు నిలబడి ఉన్నాడు. కరెంటు పోయి ఆట సగంలో ఆగిపోయిందట.

"వినబడిందా?" అన్నాను.

"సెంటర్ లోపలికి వినబడింది. పో, జమాత్‌కి యాళవతాంది."