రికార్డులక్క ఊపిరి పందెం

ఆ వీధిలో గాజు పలకలు కోసే దుకాణం ఎక్కడుందని అడిగితే జనం కాసేపు ఆలోచిస్తారు. రికార్డులక్క ఇల్లెక్కడని అడిగితే మాత్రం వెంటబెట్టుకుని తీసుకొచ్చి గుమ్మం ముందు దింపి మరీ వెళ్తారు. రెండూ ఒకటే. కింద దుకాణం, పైన ఇల్లు, రెండు చోట్లా అక్కదే పెత్తనం.

అక్క కిటికీ అద్దాలు కోస్తుంది, బీరువా అద్దాలు కోస్తుంది, బల్లల మీద పరిచే దళసరి పలకలు కోస్తుంది. కోత చక్రం గాజు మీద ఒకే తీరున కీచుమంటూ సాగితే పలక తిన్నగా విరుగుతుంది. మధ్యలో ఆ చప్పుడు తడబడిందా, సరిగ్గా అక్కడే అడ్డంగా పోతుంది. ఏ పలక ఎలా విరుగుతుందో అక్క విరవకముందే చెప్పేస్తుంది. అందుకే తన చెవి మీద ఆవిడకు అంతులేని నమ్మకం. ఆ నమ్మకం ఆవిడను ఎంత ఇరకాటంలో పెట్టిందో ఇప్పుడు చెప్పుకోవాలి.

పాటల రికార్డుల పిచ్చి కూడా గాజు పద్ధతిలోనే ముదిరింది. పాత సామాన్ల కొట్లలో ఏ రికార్డు దొరికినా దాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టి గీతలు వెతుకుతుంది. అరచేతుల మధ్య అంచులు మాత్రమే ఆనేటట్టు పట్టుకుంటుంది. సబ్బు నీళ్ళతో కడిగి, గాడి వెంబడే మెత్తని గుడ్డతో తుడిచి, గాజు పలకలకు చేయించినలాంటి చెక్క చట్రంలోనే నిలబెడుతుంది. గాజైనా రికార్డైనా పడుకోబెడితే పాడవుతుందని ఆవిడ సిద్ధాంతం. ఇంటికొచ్చిన చుట్టం ఎవరైనా గాడి మీద వేలు పెట్టారా, వాళ్ళ పని అయిపోయినట్టే. ఆడపడుచు ఒకావిడ అలాగే ముచ్చటపడి వేలు పెట్టి, ఆ రోజు పడ్డ చీవాట్లకి చాలాకాలం ఆ మెట్లెక్కలేదు.

అక్క భర్త బస్సు డ్రైవరు, నిదానస్తుడు. "మా ఇంట్లో నాకు కూర్చోడానికి కుర్చీ లేదు గానీ, రికార్డులు నిలబడ్డానికి గోడంతా ఉంది," అని డిపోలో అందరికీ చెప్పుకునేవాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఫిర్యాదు కంటే గొప్పే ఎక్కువ కనిపించేది.

ఇన్ని వందల రికార్డులకూ మూలం ఒక్కటే రికార్డు. అక్క నాన్న నూలు మిల్లులో ఫిట్టరు. మిల్లుకి ఒక బ్యాండు ఉండేది, అందులో ఆయన క్లారినెట్ వాయించేవాడు. ఒక ఏడు యజమానులు ముచ్చటపడి ఆ బ్యాండు చేత రికార్డు చేయించి పనివాళ్ళందరికీ తలా ఒకటి పంచారు. అట్ట మీద మిల్లు బొమ్మ ఉంది గానీ వాయించినవాళ్ళ పేర్లు లేవు. అయితేనేం, రెండోవైపు ఆఖరి పాట మొదట్నించి చివరిదాకా నాన్నదే.

అక్కకు పదేళ్ళప్పుడు నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. చివరి రోజుల్లో మంచం దగ్గర్నించి గుమ్మం దాకా రావడానికి మధ్యలో గోడ పట్టుకుని ఆగేవాడు. అక్క ఆ మనిషిని తలుచుకోదు. ఆవిడ తలుచుకునేది రికార్డులో నాన్నని, వెనక ఎవరో తరుముతున్నట్టు ఆగకుండా పరిగెత్తే ఆ క్లారినెట్‌ని.

ప్రతి ఆదివారం పొద్దున ఆ పాట వినడం ఆ ఇంటి అలవాటు. పాట చివర నాన్న ఒకే స్వరాన్ని ఒకే ఊపిరితో పట్టుకుని వదలకుండా నిలబెడతాడు. అక్కడికి రాగానే పిల్లలంతా నాన్నతోపాటు "ఊఁ" అని శ్రుతి అందుకునేవాళ్ళు. ఊపిరి అందక ఆపేసినవాడు ఓడినట్టు. చిన్నప్పుడు అందరూ నాన్న చేతిలో చిత్తుగా ఓడేవాళ్ళే. పెద్దయ్యాక తమ్ముడు సగంలోనే చేతులెత్తేసినా అక్క మాత్రం ఆఖరిదాకా నాన్నతో సరిసమానంగా నిలబడేది. "నాన్న ఊపిరి నాకొచ్చింది," అని అందరి దగ్గరా చెప్పుకునేది.

ఆ ఇంటివాళ్ళకి ఇంకో గొప్ప కూడా ఉండేది. ఇంట్లో విన్న పాటే రేడియోలో వస్తే ఈడ్చుకుంటూ వచ్చినట్టుండేది. పక్కింటివాళ్ళ ప్లేయర్లోనూ అంతే. "పాపం, వాళ్ళ మిషన్లకి ఓపిక లేదు," అని ఇంటిల్లిపాదీ జాలిపడేవాళ్ళు. ఊళ్ళో ఉన్న మిషన్లన్నీ నీరసపడిపోయి, ఒక్క తమ ఇంటి మిషనే ఉషారుగా ఎలా ఉందా అని ఇన్నేళ్ళూ వాళ్ళెవరికీ అనుమానమే రాలేదు.

అలాంటి మిషను ఒక ఆదివారం పాట మధ్యలో గుర్రుమని ఆగిపోయింది. మోటారు కాలిపోయింది. ముసలమ్మ, అంటే అక్క తల్లి, ఆ తరవాత ఆదివారం కూడా అలవాటుగా వచ్చి తన కుర్చీలో కూర్చుని, కాసేపుండి లేచి వెళ్ళిపోయింది. అది చూశాక అక్కకు అన్నం సయించలేదు. మోటారు మార్పిద్దామని అడిగితే, ఆ వయసు మిషనుకి విడిభాగాలు దొరకవన్నారు బాగుచేసేవాళ్ళు. కొత్తది కొనక తప్పదని తేలింది.

అక్క నాన్న రికార్డును చంకన పెట్టుకుని కొట్టు కొట్టూ తిరిగింది. సంచిలో బల్లలు సమంగా ఉన్నాయో లేదో చూసే రసమట్టం కూడా వేసుకుంది. ముందు ప్లేయరు పళ్ళెం మీద ఆ మట్టం పెట్టి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా కొట్టువాడి చేత కాళ్ళు సరిచేయించేది. ఆ తరవాత నాన్న పాట పెట్టించేది. నాలుగు స్వరాలు వినగానే పెదవి విరిచి సూది ఎత్తించేసేది.

"ఇది వాయించట్లేదు, ఈడుస్తోంది."

ఒక చోట పళ్ళెం పలచన అంది, ఇంకో చోట సూది బరువంది, మరో చోట కొట్టువాడికే చెవులు లేవంది. వెంట తిరుగుతున్న భర్త చివరికి నోరు తెరిచాడు.

"అన్ని మిషన్లూ ఒకేలా తప్పు వాయిస్తాయంటావా?"

"వాయిస్తున్నాయిగా, మీరే విన్నారుగా."

ఆయన మాట మార్చి, సంచి అందుకున్నాడు. ఎక్కడ బ్రేకు వేయాలో డ్రైవరుకి వేరే చెప్పాలా.

ఆఖరికి పాత ప్లేయర్లు బాగుచేసి అమ్మే పెద్దాయన ఉన్నాడని తెలిసింది. ఆయన్ని అందరూ సూదులాయన అంటారు. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. అక్క రసమట్టం బయటికి తీయగానే ఆయన ముఖం విప్పారింది, ఇలా మట్టం తెచ్చుకున్న గిరాకీ ఆయనకు ఇదే మొదలు. రెండు ప్లేయర్లు ముందు పెట్టాడు. ఒకటి బరువైన పళ్ళెంతో, చెక్క పీటతో, ఏ హంగూ లేకుండా ఉంది. రెండోది తళతళలాడుతోంది, వేగం పెంచి తగ్గించడానికి పక్కన ఒక మీట ఉంది. చెక్క పీట ఉన్నదాని మీద నాన్న పాట పెట్టాడు.

"నెమ్మది," అంది అక్క.

సూదులాయన తర్కించలేదు. చుట్టూ గీతలు గీసిన కాగితం బిళ్ళ ఒకటి పళ్ళెం మీద వేసి, దీపం కింద తిప్పి చూపించాడు. పళ్ళెం గిరగిరా తిరుగుతున్నా గీతలు మాత్రం కదలకుండా నిలబడ్డట్టు కనిపించాయి.

"గీతలు ఇలా నిలబడ్డాయంటే వేగం సరిగ్గా ఉన్నట్టమ్మా."

"అయితే మీ దీపంలో తేడా ఉంది."

ఆయన నవ్వు ఆపుకుని, "మీ పాత మిషను ఒకసారి తీసుకురండి, చూద్దాం," అన్నాడు.

మర్నాడు భర్త మిషను మోసుకొచ్చాడు. ముసలమ్మ కూడా బయల్దేరింది. "నువ్వెందుకమ్మా ఎండలో," అంటే వినలేదు. "మీ నాన్న నెమ్మదని అన్నాయన్ని నేనూ చూడాలి," అని ఆటో ఎక్కి కూర్చుంది.

సూదులాయన పళ్ళెం ఎత్తాడు, బెల్టు తీశాడు. కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగింది. బెల్టును తిప్పే మోటారు కప్పీ చుట్టూ నల్ల టేపు వరసలు వరసలుగా చుట్టి ఉంది.

"ఈ టేపు ఏంటమ్మా?"

"అదా, దాని పట్టీ. అరిగిపోయినప్పుడల్లా నేనే కొత్తది వేస్తాను. పాతది ఎన్ని చుట్లుంటే అన్నే, ఒక్క చుట్టు కూడా తేడా రానివ్వను," అంది అక్క గర్వంగా.

"కంపెనీవాడు ఇక్కడ పట్టీ పెట్టడమ్మా. కప్పీ లావయ్యేకొద్దీ బెల్టు జోరుగా లాగుతుంది, పళ్ళెం జోరుగా తిరుగుతుంది. ఇన్నేళ్ళూ మీ ఇంట్లో పాటలన్నీ పరిగెత్తాయి."

అక్క ముఖం పాలిపోయింది. రేడియో సరైనదే, పక్కింటి ప్లేయరూ సరైనదే, తిట్టిపోసిన కొట్లన్నీ సరైనవే. అదంతా దిగమింగగలదు. కానీ ఇన్నేళ్ళూ నలుగురిలో తలెత్తుకుని చెప్పుకున్న నాన్న పరుగు నాన్నది కాదు, ఒక టేపు ముక్కది. ఆ మాట మాత్రం గొంతు దిగలేదు. రికార్డులో ఉన్న ఒక్క నాన్నా పోతే ఇక మిగిలేది గోడ పట్టుకుని ఆగే నాన్నే.

"అది చుట్టింది నేనే," అంది ముసలమ్మ.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"మీ నాన్న పోయాక చాన్నాళ్ళు ఆ మిషను ముట్టుకోలేదు. తీరా పెడితే బెల్టు సాగిపోయినట్టుంది, ఆయన పాట జావగారిపోయి వచ్చింది. నువ్వు నా కాళ్ళు పట్టుకుని, నాన్నకి ఇంకా ఆయాసం తగ్గలేదా అని ఏడ్చావు. ఏం చెయ్యను? ఇంట్లో కరెంటు తీగలకి చుట్టే టేపు ఉంటే తెచ్చి చుట్టాను. ఒక చుట్టు వేసి విన్నా, ఇంకో చుట్టు వేసి విన్నా. నువ్వు ఏడుపాపి గంతులేసేదాకా చుట్టాను. ఎక్కువయిందో తక్కువయిందో నాకేం తెలుసు."

ఆ తరవాత ఎప్పుడో కొత్త బెల్టు వచ్చింది, టేపు మాత్రం అలాగే ఉండిపోయింది. సూదులాయన కాసేపు బల్ల మీద స్క్రూలు సర్దాడు. తరవాత తళతళలాడే ప్లేయరును ముందుకు జరిపాడు.

"ఇదే తీసుకెళ్ళండమ్మా. మీట కాస్త పైకి జరిపితే ఇన్నాళ్ళూ విన్నట్టే వినిపిస్తుంది. ఎవరికీ నష్టం లేదు."

అక్క చెయ్యి ఆ మీట దాకా వెళ్ళింది కూడా. ముసలమ్మ ఆపింది.

"ముందు ఆయన వాయించింది వాయించినట్టు విననివ్వు. ఇన్నాళ్ళూ నేనే అడ్డం పడ్డాను."

చెక్క పీట ప్లేయరు మీద సూది దిగింది. ఈసారి అక్క ఎత్తమనలేదు. క్లారినెట్ గొంతు కొంచెం కిందికి దిగి, కొంచెం చిక్కబడి వచ్చింది. పరుగు లేదు. తాపీగా నడిచే మనిషి అడుగులా ఒక్కో స్వరమూ కుదురుగా పడుతోంది. ఇన్నేళ్ళూ హడావిడిలో జారిపోయిన చిన్న చిన్న మలుపులన్నీ ఇప్పుడు విడివిడిగా వినబడ్డాయి. నాన్న ఇంత ఓపికగా వాయించాడా అనుకుంది అక్క. ఇంకా మనసు మాత్రం కుదుటపడలేదు.

ఆఖరి స్వరం వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, పరాయి కొట్టని కూడా చూడకుండా అక్క "ఊఁ" అని అందుకుంది. ఎప్పుడూ ఆగే చోటు దగ్గరికొచ్చింది. నాన్న ఆగలేదు. అక్క మెడ నరాలు బిగిశాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆఖరి పిసరు గాలి కూడా పిండేసింది. ఇక లాభం లేక నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంది. నాన్న ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. ఆ స్వరం వణకలేదు, సన్నగిల్లలేదు. తనకు ఇష్టమైనప్పుడు ఆపాడు.

కొట్లో సూది గరగర ఒక్కటే వినబడుతోంది. పరుగు టేపుదే కావచ్చు, ఈ ఊపిరి మాత్రం నాన్నదే. పైగా ఆ టేపు ఇన్నాళ్ళూ పాటను జోరుగా తిప్పి అందులో కొంత మింగేసింది కూడా.

"ఓడిపోయానమ్మా," అంది అక్క. అనేటప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"మరి మీ నాన్నంటే ఏమనుకున్నావు," అంది ముసలమ్మ.

అక్క కళ్ళు తుడుచుకుని సూదులాయన వైపు తిరిగింది. "ఆ మీట లేనిదే ఇవ్వండి."

"ఆలోచించుకోండమ్మా. అలవాటు తప్పి, రేపు మళ్ళీ నెమ్మదంటారేమో."

"అనను. మీట ఉంటే ఎప్పుడో ఒకనాడు గెలవాలనిపించి జరుపుతాను. నా సంగతి నాకు తెలుసు."

ఆ వారమంతా దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ అక్క తన ఓటమి గురించే చెప్పింది. కిటికీ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా నాన్న ఊపిరి సంగతి విన్నాకే కదలగలిగారు. ప్లేయరు కింద వేయడానికి దళసరి పలక ఒకటి తానే కోసి, అంచులు నునుపు చేసి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా నాలుగు మూలలా సరిచేసింది. తమ్ముణ్ణి పిల్లలతో సహా రమ్మంది. చాలాకాలంగా మెట్లెక్కని ఆడపడుచుకి కూడా కబురు వెళ్ళింది, ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని మరీ వచ్చింది.

ఆదివారం పొద్దున గది నిండిపోయింది. ఆఖరి స్వరం రాగానే అందరూ ఒక్కసారి "ఊఁ" అందుకున్నారు. పిల్లలు ముందు ఓడిపోయారు, తరవాత తమ్ముడు, ఆడపడుచు. డ్రైవరు ఎర్రబడ్డ ముఖంతో చెయ్యెత్తేశాడు. అక్క ఒక్కతే మిగిలి, కాసేపు లాగి, తనూ ఆపేసింది. పందెం అయిపోయిందనుకుని పిల్లలు చప్పట్లు మొదలుపెట్టబోయారు.

ముసలమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని వేలెత్తింది.

"ఆగండి, ఆయన ఇంకా ఆపలేదు."