గిరాకీ వేషం

రాయచూరు బజారులో గోపాలయ్య బట్టల దుకాణానికి ఇరవై రెండేళ్లుగా తిరుమలేశే కాళ్లూ చేతులూ. శక్తినగర్ బస్సు దిగి వచ్చిన ఆడవాళ్లు నోరు తెరవకముందే వాళ్లకు నచ్చే చీర పరుస్తాడు. అయినా దుకాణం రిజిస్టర్‌లో అతని పేరు లేదు. లేబర్ ఆఫీసర్ వస్తున్నాడంటే చాలు, "చీర కొననీకి వచ్చిన గిరాకీ లెక్క కూసో తిరుమలేశూ, మాట్లాడకు," అని గోపాలయ్య అతని చేతికి చాయ్ ఇస్తాడు. ఆ కప్పు పట్టుకున్నంతసేపూ తిరుమలేశ్‌కు భయమే. దొరికిపోతే సేఠుకు జుర్మానా, తనకు ఉద్వాసన.

ఈసారి ఆఫీసర్ అతని ఎదుటే వచ్చి నిలబడ్డాడు. "నువ్వీడ పనిచేస్తవా?"

"లేదు సార్, గిరాకీని," అన్నాడు తిరుమలేశ్.

ఆఫీసర్ అతని చేతులనే చూస్తున్నాడు. చాయ్ ఎప్పుడు పక్కన పెట్టాయో, ఆ చేతులు ఎదురుగా విప్పి ఉన్న ఇల్కల్ చీరను పాత మడతల వెంబడే మడుస్తున్నాయి.

"పేరు చెప్పు," అంటూ ఆఫీసర్ పెన్ను తీశాడు.

తన పేరు తాను చెప్పుకోవడానికి తిరుమలేశ్ గోపాలయ్య ముఖంలోకి చూశాడు.