మస్తాన్ గీసిన ఇల్లు

1972లో ప్రభుత్వం నన్ను క్లినికల్ సైకాలజిస్టుగా వేసింది. వారానికోసారి తెనాలిలో ఆసుపత్రి గదిలో కూర్చునేవాణ్ణి. మందులు రాసే అధికారం నాకు లేదు, అది సైకియాట్రిస్టు పని. మాట్లాడటం, పరీక్షలు పెట్టడం, తేలింది రాసి ఆయనకు పంపడం నా వంతు. సూది పొడవనివాణ్ణి జనం డాక్టరుగా లెక్కపెట్టరు. నన్నూ అనుమానంగానే చూసేవారు.

ఒకరోజు రేపల్లె నుంచి దర్జీ మస్తాన్‌ను భార్య ఖాసింబీ తీసుకొచ్చింది. అతను కుట్టిన చొక్కాలకు ఎడమవైపు కుట్లు లేవని కుట్టించుకున్నవాళ్లు తిరిగి తెస్తున్నారు. తను లేనప్పుడు భార్యే విప్పేస్తోందని అతని నమ్మకం. ఆమెను పుట్టింటికి పంపేస్తానని మసీదు పెద్దలకు చెప్పేశాడు కూడా. అప్పటికే బాపట్లలో ఒక లాడ్జి గదిలో బోర్డు పెట్టిన 'మనోవైద్యుడు' హిప్నాటిజం చేసి, ఇది అనుమానపు జబ్బని, ఇంకెవరికీ చూపించొద్దని చెప్పాడట. నాకు ఒళ్లు మండింది. అతనేం చదివాడని అడిగాను.

"బోర్డు మీద చాలా అక్షరాలున్నాయండి" అంది ఖాసింబీ. తర్వాత గొంతు తగ్గించి, "అన్నం సగం వదిలేసి చాల్లేదంటాడు సార్. కంచం ఇటు తిప్పితే మిగతాది తింటాడు" అంది.

మస్తాన్‌కు కాగితం, పెన్సిలు ఇచ్చి ఇల్లు గీయమన్నాను. చిన్నపిల్లాడికి పెట్టినట్టు ఈ బొమ్మలేంటని ఆమె సణిగింది. కుడివైపు గోడ, కిటికీ, సగం కప్పు గీసి, అయిపోయిందన్నాడు. కాగితాన్ని తలకిందులుగా తిప్పి అతని ముందు పెట్టాను. ఖాళీ అప్పుడు అతనికి కనిపించింది.

"మొత్తం గీశాను సార్. మీరే చెరిపేశారు" అన్నాడు.

కళ్లు బాగానే ఉన్నా, మెదడులో కుడిపక్క దెబ్బతింటే కొందరికి ఎడమవైపున్నది లెక్కలోకి రాదు. అది మాటలతో కుదిరేది కాదు. సైకియాట్రిస్టుతో చెప్పి, ఆయన చీటీతో మద్రాసు పంపాం. అక్కడ మెదడులోని గడ్డ తీశారు. కొన్నాళ్లకు మస్తాన్ మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు.

ఖాసింబీ మాత్రం వచ్చి నన్ను నిలదీసింది. "మందివ్వలేదు, కోత కోయలేదు. ఇంతకీ మీరు చేసిందేంటండి?"

"కుట్లు విప్పింది నువ్వు కాదని తేల్చానమ్మా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, ఆ ముక్క పెద్దల ముందు చెప్పమంది. రేపల్లె వెళ్లి చెప్పాను.

సైకాలజిస్టును ఎలా ఎంచుకోవాలని ఇప్పటికీ అడుగుతుంటారు. ఎక్కడ చదివాడో, ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో అడగండి. తనకు చేతకానిది ఎవరి దగ్గరికి పంపుతాడో కూడా అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునేవాడికి ఈ పని రాదు.