పడవ లేని ఇంటికి మాట లేదు

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే మా పేట వస్తుంది. పేటకీ, రైతులుండే పై ఊరికీ కలిపి ఒకటే పంచాయతీ. సర్పంచ్ పదవికి మా వైపు నుంచి ఎవరు నిలబడాలో రామాలయం అరుగు మీద తేలుస్తారు. ఆ అరుగెక్కే హక్కు ఇంటికొకరికే, అదీ పడవున్న ఇంటికే.

నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అమ్మ దాన్ని ఇసుకలోకి లాగించి ఏటా తారు పూయించేది. అమ్మెయ్యమని నేను ప్రాణం తీసేదాన్ని.

"పడవుంటేనే మనకో మాటుంటాదే" అనేది.

ఈసారి ఆ మాట అవసరం పడింది. పెద్దలు సర్పంచ్‌గా నిలబెట్టాలనుకుంటున్న మనిషి, అమ్మ ఎండుచేపలు ఆరబోసుకునే దిబ్బని రొయ్యల చెరువులకి ఇప్పిస్తానన్నాడు. ఆ దిబ్బ పోతే అమ్మకి బతుకుతెరువు లేదు. అందుకే అరుగు దగ్గరికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"ఓటు అందరిదీ అయినప్పుడు ఎంపిక మీ నలుగురిదేనా? అందరినీ పిలవండి" అన్నాను.

అరుగు మీది పెద్దల్లో ఉన్న మా పెదనాన్న నవ్వాడు. "అందరినీ పిలిస్తే పై ఊరి రైతులూ వచ్చి కూర్చుంటారు. మనలో చేవలేనోణ్ణి ఎంచి మన నెత్తినే పెడతారు. అప్పుడేం చేస్తావే?"

అందులో నిజం లేకపోలేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"మా అమ్మ పై ఊరి మనిషా? ఆవిడకీ పడవుందిగా!"

ఆయన నన్ను వదిలేసి అమ్మ వైపు తిరిగాడు. "నీళ్ళలో దిగని పడవ పడవ కాదమ్మాయ్. ఇంటికెళ్ళు."

అమ్మ తల వంచుకుని వచ్చేసింది. దారిలో మాత్రం, "ఓట్ల నాడు చూసుకుంటాను" అంది. ఇంటికి రాగానే బియ్యం డబ్బాలోంచి ఓటు కార్డు తీసి దేవుడి గూట్లో పెట్టుకుంది.

ఆ రోజు రానే లేదు. ఎదురు నిలబడ్డ పై ఊరి మనిషి పోటీ నుంచి తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నాడో మాకెవరూ చెప్పలేదు. ఏకగ్రీవం అని అరుగు ముందు టపాకాయలు కాల్చారు. పేటంతా ఒక్కమాట మీదుందని పెదనాన్న మైకులో చెబుతుంటే చెవులు మూసుకున్నాను.

వానలు వెనకబట్టాక దిబ్బ మీదకి పొక్లెయినర్ వచ్చింది. అమ్మ అటు చూడలేదు. గొడ్డలి పట్టుకుని పడవ దగ్గరికి నడిచింది. ఇన్నాళ్ళూ దాన్ని అమ్మెయ్యమని సతాయించిన నేనే అడ్డం పడి ఏడ్చాను.

"మాటే లేకపోయాక పడవెందుకే, పొయ్యిలోకన్నా వస్తాది" అని నన్ను పక్కకి జరిపి మొదటి దెబ్బ వేసింది.